పదకొండు మందీ ఒక కుక్కా

చినరేవు చర్చికి నూట ఎనభై ఏళ్ల పాటు ఎవరూ తప్పు పట్టలేదు. తుపాన్లు వచ్చిపోయాయి. సముద్రం రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. ఉన్న లోపమల్లా ఒకటే. గోపురంలో గంట మోగినప్పుడల్లా కప్పు నుంచి నాలుగు సున్నం పెళ్లలు రాలేవి. అందుకని గంట వినబడగానే చినరేవు విశ్వాసులు ఒకసారి తలెత్తి పైకి చూసుకుంటారు. కొత్తగా వచ్చిన పాస్టర్లు దాన్ని భక్తి అనుకుని మురిసిపోయేవారు. రెండో వారం నెత్తి మీద పెళ్ల పడ్డాక వాళ్లూ చూడటం నేర్చుకునేవారు. చూసేవాళ్లకు మాత్రం తాము చూస్తున్నామన్న ధ్యాస కూడా ఉండదు, అలవాటైపోయింది.

ఈ సంగతి బొత్తిగా తెలియనివాడు ఊళ్లో జెకర్యా ఒక్కడే. ఎందుకంటే గంట కొట్టేది ఆయన. గంట మోగుతున్నంతసేపూ గోపురం కింద చీకటి గదిలో తాడు పట్టుకుని ఉంటాడు గానీ, లోపల ఎవరు ఎటు చూస్తున్నారో ఆయనకెలా తెలుస్తుంది? ముప్పై నాలుగేళ్లుగా ఆయనదే ఆ తాడు. అంతకుముందు వాళ్ల నాన్నది, అంతకుముందు తాతది. ఊళ్లో వాళ్లను గంటోళ్లనే అంటారు.

మార్చి నెలలో ఒక మంగళవారం చర్చి ముందు జీపు ఆగింది. కట్టడాల యథాతథ పరిరక్షణ శాఖ ఉప సంచాలకులు పరాంకుశరావు గారూ, కొలతల అధికారిణి సుభాషిణీ, ఒక పెద్ద చెక్కపెట్టే అందులోంచి దిగారు. పెట్టెను దించడానికి నలుగురు కావలసి వచ్చింది గానీ, తీరా విప్పితే అందులో ఉన్నది మూరెడు పొడవు బొమ్మ. 1841లో లండనులో రాతి మీద గీసి అచ్చువేసిన బొమ్మ. అడుగున ఇంగ్లీషులో చినరేవు చర్చి లోపలి దృశ్యం అని ఉంది. ఏ దొరగారి మునిమనవడో పాత సామాన్లు అమ్మేస్తుంటే బయటపడి, చేతులు మారి మారి శాఖ వారి చేతికి చిక్కింది.

పరాంకుశరావు గారు చెడ్డమనిషి కాదు. కాఫీ ఇస్తే తాగి గ్లాసు తానే కడిగిపెట్టే రకం. ఆయనకున్న వ్యసనం ఒక్కటే, యథాతథం. పాతది ఎలా ఉండేదో అలాగే ఉండాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. మెడలో ఎప్పుడూ ఒక భూతద్దం వేలాడుతూ ఉంటుంది.

ఆయన చర్చి నడుమ నిలబడి బొమ్మను చూశారు. చర్చిని చూశారు. మళ్లీ బొమ్మను చూశారు.

"జెకర్యా గారూ, ప్రసంగ పీఠం ఎటువైపు ఉంది?"

"కుడివైపండి."

"బొమ్మలో ఎడమవైపు ఉంది. ఎప్పుడు మార్చారు?"

"మార్చలేదండి. మా తాత పుట్టకముందు నుంచీ అది అక్కడే ఉందండి."

"1841లో మీ తాతగారు ఉన్నారా?"

"లేరండి."

"బొమ్మ ఉంది," అన్నారు పరాంకుశరావు గారు దయగా.  

శుక్రవారానికల్లా తాఖీదు వచ్చింది. "చినరేవు చర్చి తన అధికారిక చిత్రముతో నలభై మూడు అంశములలో విభేదించుచున్నట్లు తనిఖీలో తేలినది. సదరు చర్చి తక్షణమే సరిదిద్దబడవలెను" అని అందులో ఉంది. చర్చి ఏదో పరీక్షలో తప్పినట్టు పాస్టరు గమలీయేలు గారు ఆ కాగితాన్ని తలవంచుకుని చదివారు.

బొమ్మలో ఫ్యాన్లు లేవు, దింపేశారు. ట్యూబులైట్లు లేవు, పీకేశారు. బల్లలు లేవు, ఎండలో పడేశారు. మూడు పుట్ల బరువున్న టేకు ప్రసంగ పీఠాన్ని పదహారు మంది పట్టి కుడి నుంచి ఎడమకు జరిపారు. ఎడమవైపు సముద్రం గాలి కొట్టే కిటికీ ఉంది. మొదటి ఆదివారమే పాస్టరుగారి ప్రసంగం మూడో పేజీ లేచి వెళ్లి రేవులో పడింది. మిగతాది వేగంగా ముగిసింది గనక ఆ ఒక్క మార్పుకు మాత్రం సంఘంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పదిహేడో అంశం గంట తాడు. బొమ్మలో ఎక్కడా తాడు కనబడలేదు. తాడును ఊడదీసి, చుట్టచుట్టి, లక్కముద్ర వేసి బీరువాలో పెట్టారు. జెకర్యా ఆ రోజు అన్నం సగంలో లేచిపోయాడు. ఆయన భార్య సలోమి కంచం తీసింది. ముప్పై నాలుగేళ్లలో ఆయన కంచంలో మెతుకు వదిలింది అదే మొదలు.

సామాన్లయ్యాక మనుషుల వంతు వచ్చింది. బొమ్మలో పదకొండు మంది ఉన్నారు. నలుగురు దొరలు, ముగ్గురు దొరసానులు, ఒక పాదిరి, పుస్తకంలో ఏదో రాసుకుంటున్న గుమాస్తా, పైట వేసుకున్న మన ఆడవాళ్లు ఇద్దరు. స్తంభం దగ్గర ఒక కుక్క. సంఘంలో మూడు వందల ఇరవై మంది. పాస్టరుగారు ఎటూ తప్పరు గనక మిగతా పదిమందిని వంతులవారీగా పిలిచారు. లెక్క వేస్తే మనిషికి ఏడు నెలలకొక ఆదివారం పడింది. ఏనాడూ చర్చికి రాని ఫొటో స్టూడియో రాజారత్నం కూడా తన వంతు ఎప్పుడని రోజూ వచ్చి అడిగేవాడు. తక్కినవాళ్లు ప్రహరీ బయట నిలబడి పాటలు పాడేవారు.

కుక్క కోసం నోటీసు బోర్డులో ప్రకటన పెట్టారు. "చెవులు వెనుకకు వాలి ఉండవలెను. ఆరాధన ముగియువరకు స్తంభము విడువరాదు. పొరుగు సేవల పద్ధతిన మాత్రమే నియామకము." చేపల మార్కెట్లో ఉండే పండు అనే కుక్క ఎంపికైంది. స్తంభం విడవకపోవడంలో దానికి సాటి లేదు, ఎందుకంటే ఆరాధన మొదలవగానే నిద్రపోయేది. చెవులు మాత్రం ఎంత బుజ్జగించినా నిక్కబొడుచుకునే ఉండేవి.

ఇంకో చిక్కుంది. బొమ్మలో పదకొండు మందీ తలెత్తి పైకి చూస్తున్నారు. ఏం చూస్తున్నారో గీసినవాడు చెప్పలేదు. పరాంకుశరావు గారు భూతద్దంతో రెండు రోజులు వెతికి, "ముఖములు ఊర్ధ్వముగా నుండవలెను. కారణము తెలియరాలేదు" అని రాయించారు. సుభాషిణి కోణమానినితో ఒక్కొక్కరి గడ్డం కొలిచేది. పాస్టరుగారు పైకి చూస్తూ ప్రసంగిస్తే, సంఘం పైకి చూస్తూ వినేది. ఊళ్లో మెడనొప్పి తైలం సీసాలు అయిపోయాయి.

సలోమి వంతు వచ్చిన ఆదివారం పెద్ద రభసే అయింది. పైట ఆడవాళ్లలో ఆమె ఒకతి. సుభాషిణి కాగితం చూసి, "అమ్మా, బొమ్మలో పైట కుడి భుజం మీద ఉంది. మార్చుకోవాలి," అంది.

"ఏ ఊళ్లో వేసుకుంటారమ్మా పైట కుడి భుజానికి? మా అమ్మ వేసుకుందా, వాళ్లమ్మ వేసుకుందా?" అని సలోమి నడుముకు చెయ్యి ఆనించింది. "నాకు పెళ్లీడొచ్చిన కూతురుంది. ఈ వయసులో నాకు చీర కట్టడం నేర్పుతారా?"

పరాంకుశరావు గారు వచ్చి నమస్కారం పెట్టి, "అప్పటి ఆచారం అదై ఉంటుందమ్మా. తరవాత కాలక్రమేణా మీరంతా తప్పారు," అన్నారు. సలోమి కుడి భుజానికి వేసుకున్న పైట ఆరాధన అయ్యేలోగా ఆరుసార్లు జారింది. ఇంటికి వచ్చి, "తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు మీ అధికారి," అని మొగుడి మీద విరుచుకుపడింది. పరాంకుశరావు గారు తన అధికారి ఎప్పుడయ్యారో జెకర్యాకు తెలియలేదు.

అసలు గొడవ ఆ పెళ్లీడొచ్చిన కూతురి దగ్గర వచ్చింది. కెజియా నర్సు. ఆమెకు పక్క తాలూకా కుర్రాడు జోయెల్‌తో జూన్ పందొమ్మిదిన పెళ్లి. జెకర్యా తనూ, తన తండ్రీ, తాతా పెళ్లాడింది ఆ చర్చిలోనే. ఊళ్లో ప్రతి ఇంటి పెళ్లికీ ఆయనే గంట కొట్టాడు. కూతురి పెళ్లికి కొట్టాలన్నది ఆయనకు ఆమె పుట్టిన నాటి నుంచీ ఉన్న కోరిక. రెండు వందల యాభై శుభలేఖలకు చెప్పేశాడు కూడా. ఇప్పుడు అర్జీ చేతపట్టుకుని జీపు దగ్గర నిలబడ్డాడు.

పరాంకుశరావు గారు అర్జీ చదివి నిజంగానే బాధపడ్డారు. "బొమ్మలో పెళ్లికూతురు లేదే జెకర్యా గారూ."

"పెళ్లి లేని రోజు గీశారేమోనండి."

"గీయని రోజుల గురించి శాఖకు ఏ సమాచారమూ లేదు. ఒక పని చేద్దాం. అమ్మాయిని రెండో దొరసానిగా, అబ్బాయిని మూడో దొరగా అనుమతిస్తాను. పాదిరి ఎలాగూ ఉన్నారు. మిగతా ఎనిమిది మందిని మీరే ఎంచుకోండి. ఏమంటారు?"

"నేను?"

ఆయన భూతద్దం పెట్టి బొమ్మంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా మరొకసారి వెతికారు. "గంట కొట్టేవారు ఎక్కడా కనబడటం లేదండి. మీరు బయట ఉండాల్సి వస్తుంది." ఆ తర్వాత గొంతు తగ్గించి, "శుభలేఖ మీద ఈ బొమ్మ అచ్చు వేయిస్తే ఉత్సవ విభాగం కింద సాగుతుంది," అని నకలు ఒకటి చేతిలో పెట్టారు.

జెకర్యా ఆ నకలు పట్టుకుని అచ్చాఫీసుకు నడిచాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో ఆయనకు దారి పొడుగునా అర్థమవుతూనే ఉంది. కూతురి పెళ్లినాడు ప్రహరీ బయట నిలబడే తండ్రిని ఎక్కడైనా చూశామా? కళ్లల్లో నీళ్లు తిరిగితే ఎదురుగాలి అనుకునేలా తుడుచుకున్నాడు.

అచ్చాఫీసు ఖాజా సాహెబుకు ఎనభై దాటాయి. కుర్రతనంలో రాతి అచ్చు మీదే పని నేర్చుకున్నవాడు. ఇప్పటికీ ఆ రాళ్లలో ఒకటి గుమ్మంలో మెట్టుగా ఉంది. ఆయన బొమ్మను వెలుగులో పట్టి చూసి పకపకా నవ్వాడు.

"ఎవడు తమ్ముడూ వీడు, పని రానివాడు? బొమ్మ తిరగబడింది."

"తిరగబడటమేంటన్నా?"

"రాతి మీద ఎలా గీస్తే కాగితం మీద దానికి తిరకాసు పడుతుంది. కుడిది ఎడమ, ఎడమది కుడి. అందుకే మేం రాతి మీద అన్నీ తిప్పి గీసేవాళ్లం. ఈ లండనోడు అడుగున అక్షరాలైతే తిప్పి రాశాడు గానీ, చినరేవు నుంచి వచ్చిన నమూనాని ఉన్నదున్నట్టు గీసేశాడు. చూడు, గుమాస్తా ఎడంచేత్తో రాస్తున్నాడు. ఆడాళ్ల పైట చూడు. ఏ ఊళ్లో వేసుకుంటారు అలాగ?"

మా ఆవిడ అదే మాట అడిగింది కదా అని జెకర్యా నోరెళ్లబెట్టాడు. అంత పెద్ద శాఖ భూతద్దం పెట్టి చూడలేనిది, సలోమి నడుముకు చెయ్యి ఆనించి చెప్పేసింది.

మర్నాడు ఖాజా సాహెబును వెంటబెట్టుకుని జీపు దగ్గరికి వెళ్లాడు. సాహెబు రాతి అచ్చు గురించి అరగంట చెప్పినా పరాంకుశరావు గారికి ఎక్కలేదు. చివరికి ముసలాయన బల్ల మీదున్న శాఖ వారి రబ్బరు స్టాంపు తీసి తిప్పి చూపించాడు.

"దీని మీద మీ శాఖ పేరు ఎలా ఉంది బాబూ?"

"తిరగబడి ఉంది."

"కాగితం మీద?"

"సరిగ్గా పడుతుంది."

"స్టాంపు చేసినోడు తిప్పి చెక్కాడు గనక సరిగ్గా పడుతోంది. తిప్పకపోతే?"

పరాంకుశరావు గారు స్టాంపును చూశారు, బొమ్మను చూశారు. తన పాతికేళ్ల నౌకరీలో స్టాంపు అబద్ధమాడగా ఆయన ఎన్నడూ చూడలేదు. మొహం పాలిపోయింది. ప్రసంగ పీఠం జరపబడినట్టు నివేదిక ఫొటోలతో సహా రాజధానికి వెళ్లిపోయింది. అక్కడి నుంచి అభినందన కూడా వచ్చేసింది.

"చిత్రం తప్పు అని శాఖ రాయజాలదు," అన్నారు స్టాంపును పక్కకు జరుపుతూ. "అలా రాస్తే రేపు ఏ బొమ్మనీ నమ్మరు."

వారం రోజులు జీపు కదల్లేదు. ఎనిమిదో రోజున కొత్త ఉత్తర్వు వెలువడింది. "చిత్రము నిర్దోషి. వీక్షకుల దిక్కు మాత్రమే దోషభూయిష్టము. కావున చిత్రమునకు ఎదురుగా నిలువుటద్దము స్థాపించి, అద్దమునందు చూచి సరిపోల్చవలెను. ప్రసంగ పీఠమును కుడివైపునకు చేర్చుట రెండవ దశ పనులుగా పరిగణించబడును. ఇకపై చిత్రమునందును, అద్దమునందును కనబడు వ్యక్తుల సంఖ్యయే ప్రామాణికము." ఆ పదహారు మందే మళ్లీ వచ్చి పీఠాన్ని మోసుకుపోయి పాతచోట పెట్టారు. పైటలు ఎడమ భుజాలకు తిరిగొచ్చాయి. మూడో పేజీ మళ్లీ చదవబడింది.

ఉత్తర్వు చివరి వాక్యం జెకర్యాకు రెండోసారి చదివితే గానీ తగల్లేదు. బొమ్మలో పదకొండు, అద్దంలో పదకొండు. ఇంటికి పరుగెత్తి, "ఇరవై రెండు మందికి అనుమతి వచ్చినట్టేనే!" అన్నాడు.

"మా అక్కచెల్లెళ్లకే చాలరు," అని పెదవి విరిచింది సలోమి. బియ్యం ఏరుతూ ఏరుతూ చేట కింద పెట్టింది. "ఏవయ్యా, మన సెలూన్లో ముందొక అద్దం, వెనకొక అద్దం ఉంటాయి కదా. కుర్చీలో కూర్చుంటే ఎన్ని తలకాయలు కనపడతాయి?"

జెకర్యా ఆమెను చూసిన చూపు పెళ్లిచూపులనాడు కూడా చూడలేదు.

సెలూను యజమాని పెళ్లి పని అనగానే పెద్ద అద్దం ఊడదీసి ఇచ్చాడు. దాన్ని బొమ్మ వెనకాల ఎత్తుగా నిలబెట్టారు. ఇక శాఖ వారి అద్దంలో బొమ్మ వెనక బొమ్మ, దాని వెనక బొమ్మ, వరసగా లోపలికి పోతూనే ఉంది. కబురందుకుని వచ్చిన సుభాషిణి కుర్చీ వేసుకుని లెక్క మొదలుపెట్టింది. నడుమ నడుమ బొమ్మ వీపుచెక్క కూడా కనబడింది. వీపులను లెక్కలోకి తీసుకోరాదని పరాంకుశరావు గారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. ఇరవై నాలుగో బొమ్మ దాటాక అద్దం పచ్చగా మసకబారింది.

"ఇరవై నాలుగు పదకొండ్లు, రెండు వందల అరవై నాలుగు సార్," అంది సుభాషిణి. "కుక్కలు ఇరవై నాలుగు."

"కుక్కల విషయంలో శాఖ పట్టుబట్టదు," అన్నారాయన. మూడు నెలల్లో ఆయన ఇచ్చిన మొదటి సడలింపు అది.

"మరి పెళ్లికూతురు సార్?" అడిగాడు జెకర్యా.

ఆయన అద్దంలోకి వంగి చాలాసేపు చూశారు. "పదిహేనో బొమ్మ తర్వాత ఎవరెవరో స్పష్టంగా లేదు," అన్నారు మెల్లిగా. "పెళ్లికూతురు లేదని శాఖ కచ్చితంగా చెప్పజాలదు."

జెకర్యా ఇక ఆగలేకపోయాడు. "గంట, సార్?"

పరాంకుశరావు గారు భూతద్దం తుడిచారు, పెట్టుకున్నారు, తీసేశారు. కాఫీ గ్లాసులు కడిగే మనిషి కదా, ఎదుటివాడి మొహం చదవడం రాకపోదు. "శబ్దం బొమ్మలో కనబడదు జెకర్యా గారూ. కనబడనిది లేదని ఎలా రాస్తాను?" అని బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టి, కిటికీలోంచి సముద్రాన్ని చూస్తూ నిలబడ్డారు.

జూన్ పందొమ్మిదిన చర్చి కిటకిటలాడింది. ఫ్యాన్లు లేక అందరూ శుభలేఖలతోనే విసురుకున్నారు. జెకర్యా కూతురి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి జోయెల్ చేతిలో పెట్టాడు. ప్రమాణాలయ్యాయి, సంతకాలయ్యాయి. ఊరంతటినీ ఒక్క ఫొటోలో పట్టాలని రాజారత్నం బలిపీఠం దగ్గర స్టూలెక్కి కెమెరా సర్దుకుంటున్నాడు. అప్పటికే జెకర్యా కొత్త పంచె ఎగ్గట్టి గోపురం కిందికి పరుగెత్తాడు. తాడు అరచేతికి తగలగానే ఆయనకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లాగాడు.

మూడు నెలల తర్వాత గంట మోగింది.

నెల తిరిగేసరికి మళ్లీ జీపు వచ్చింది. పరాంకుశరావు గారు బదిలీ మీద వెళ్తూ చెప్పిపోదామని వచ్చారట. చర్చి గదిలో గోడకు పెళ్లి ఫొటో వేలాడుతోంది. అలవాటు కొద్దీ ఆయన భూతద్దం పెట్టి చూశారు.

"అందరూ ఉన్నారు. మీరేరీ?"

"గంట కొడుతున్నానండి."

ఆయన మళ్లీ ఫొటో మీదికి వంగారు.  తర్వాత గబగబా వెళ్లి పాత బొమ్మ తెచ్చి దాని పక్కన పట్టారు. ఫొటోలో పెళ్లికూతురు, పెళ్లికొడుకు, పాస్టరుగారు, సలోమి, ఆమె అక్కచెల్లెళ్లు, అందరి మొహాలూ పైకి లేచి ఉన్నాయి. సుభాషిణి కోణమానిని అక్కర్లేకుండానే గడ్డాలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. స్తంభం దగ్గర పండు నిద్రలేచి, చెవులు వెనక్కి వాల్చేసుకుంది. పాత బొమ్మలోనూ అంతే.

"వీళ్లంతా ఏం చూస్తున్నారు?" అన్నారాయన. 

జెకర్యాకు తెలియదు. గంట మోగేటప్పుడు ఆయన ఎప్పుడూ లోపల లేడు. సలోమి అందుకుంది. "సున్నం రాలుద్దేమోనని అండి. గంట మోగితే రాలుద్ది కదా."

 జెకర్యా ముందుకు వచ్చి ఆ పాత బొమ్మలో పదకొండు మొహాలనూ మొదటిసారి దగ్గరగా చూశాడు. 1841లో ఒక రోజు, ఆ గోడ అవతల చీకటి గదిలో, ఎవరో తాడు పట్టుకుని ఉన్నారు. తాతకు తాత అయి ఉంటాడు. ఆయన పేరు ఎవరికీ తెలియదు. బొమ్మ గీసినవాడు అందరినీ గీశాడు, చివరికి కుక్కను కూడా.

పరాంకుశరావు గారు కుర్చీలో కూర్చుని ఫైలు విప్పారు. ఉద్యోగంలో ఆ ఊరికి ఆయన రాసిన చివరి సవరణ అదే. జెకర్యా దానికి పటం కట్టించి గోపురం కింద తాడు పక్కనే తగిలించుకున్నాడు. ఇప్పటికీ ఉంది.

"చిత్రమునందలి వ్యక్తుల సంఖ్య పదకొండు కాదు, పన్నెండు. పన్నెండవ వ్యక్తి ప్రతి ఆదివారమును తప్పక హాజరు కావలెను. కనబడరాదు."